ఆ పుస్తకం వద్దని ఎందుకంటారు?

పిల్లలూ, లైబ్రరీ పీరియడ్‌లో మీరు ఇష్టపడి ఒక పుస్తకం ఇంటికి తీసుకెళ్తారు. మర్నాడు మీ నాన్నగారు బడికి వచ్చి "ఇది పిల్లలకు ఇవ్వకండి" అంటే? అమెరికాలో అలా జరిగిన ఒక సంగతి చెబుతాను.

డాక్టర్ స్యూస్ 1971లో 'ది లోరాక్స్' అనే బొమ్మల పుస్తకం రాశారు. అందులో ఒక వ్యాపారి లాభం కోసం చెట్లన్నీ నరికించేస్తాడు. చెట్ల తరఫున మాట్లాడే లోరాక్స్ ఎంత మొత్తుకున్నా వినడు. కాలిఫోర్నియాలో లేటన్‌విల్ అనే చిన్న ఊరుంది. అప్పట్లో అది కలప పని మీద బతికే ఊరు. అక్కడ రెండో తరగతి పిల్లలు తప్పక చదవాల్సిన పుస్తకాల్లో ఇదొకటి. 1989లో దీన్ని ఆ జాబితాలోంచి తీసేయమని కలప పనిలో ఉన్న కొన్ని కుటుంబాలు అడిగాయి.

వాళ్లకు చెట్లంటే గిట్టక కాదు. ఏడేళ్ల బిడ్డ పుస్తకం మూసి "నాన్నా, నువ్వు చేసేది చెడ్డ పనా?" అని అడిగితే ఏం చెప్పాలి? అమ్మానాన్నల ఉద్యోగం ఎక్కడికి పంపితే అదే మీ ఊరు. ఆ ఉద్యోగాన్నే తప్పుపట్టే కథ చదివితే మీకూ గుచ్చుకుంటుంది కదా! బోర్డు పుస్తకాన్ని తీయలేదు. అదే సరైనదని నా అభిప్రాయం. కానీ ఆ తల్లిదండ్రుల బాధ నవ్వి వదిలేసేది కాదు.

అన్ని అభ్యంతరాలూ ఇంత బరువైనవి కావు. 'హ్యారీ పోటర్'లో మంత్రాలున్నాయన్నారు. 'వేర్స్ వాల్డో' బొమ్మల పుస్తకంలో, వందలమంది ఉన్న సముద్రతీరంలో ఒకామె సరిగా బట్టలు వేసుకోలేదన్నారు. ఆమెను వెతికి పట్టుకున్నవారి ఓపికకు దండం పెట్టాలి.

అభ్యంతరం చెప్పగానే పుస్తకం పోదు. అక్కడి చాలా బడుల్లో ముందు ఒక ఫారం నింపాలి. పుస్తకమంతా చదివారా అని అందులో అడుగుతారు. తర్వాత ఒక కమిటీ చదివి చెబుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఐలండ్ ట్రీస్ బోర్డు 1976లో తన కమిటీ మాట కూడా పూర్తిగా వినకుండా తొమ్మిది పుస్తకాలు తీసేసింది. స్టీవెన్ పికో అనే విద్యార్థి, మరో నలుగురు కోర్టుకెక్కారు. 1982లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో విద్యార్థుల వైపు నిలిచింది. భావాలు నచ్చలేదన్న కారణంతోనే బడి లైబ్రరీలోంచి పుస్తకం తీయకూడదని జస్టిస్ బ్రెన్నన్ రాశారు. పుస్తకాలు మళ్లీ అరల్లోకి వచ్చాయి.

ఇక నా సంగతి. పాత పోస్టింగులో ఒకచోట లైబ్రరీకి జానపద కథల పుస్తకం నేనే ఎంపిక చేశాను. అందులో ఒక కథ ఒక కులవృత్తివారిని తెలివితక్కువవాళ్లుగా చూపి నవ్విస్తుంది. అది చదివిన పిల్లలు, అదే వృత్తి చేసే కుటుంబం నుంచి వచ్చిన బాబును కథలోని పేరు పెట్టి పిలిచారు. వాళ్లమ్మగారు వచ్చి మెల్లగా అడిగారు: "మేడమ్, ఇది మీరు చదివారా?"

చదవలేదు. అట్ట చూసి, రచయిత పేరు చూసి రాసిచ్చాను.

ఆ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. మిగతా కథలు బాగున్నాయి కాబట్టి పుస్తకాన్ని ఉంచాం. ఆ కథ గురించి తరగతిలో మాట్లాడుకున్నాం, పిల్లలు సారీ చెప్పారు. ఆ బాబు మాత్రం ఆ ఏడాదంతా తెలుగు పుస్తకాల అర వైపు రాలేదు.