హీట్ పంప్ డ్రయర్

యూరోపియన్ యూనియన్‌లో 2025 జులై 1న అమల్లోకి వచ్చిన కరెంటు పొదుపు నిబంధనలను ఆచరణలో ఈ రకం డ్రయర్లే అందుకోగలవు. అలా ఈ మాట వార్తలకెక్కింది. వేడిని బయటికి వదిలేయకుండా మళ్లీ మళ్లీ వాడుకుంటూ బట్టలారబెట్టే యంత్రమే హీట్ పంప్ డ్రయర్.

పాత రకం డ్రయర్ కాయిల్‌తో గాలిని వేడి చేసి, బట్టల మధ్య తిప్పి, ఆ తడిగాలిని గొట్టం గుండా గోడ బయటికి తోసేస్తుంది. ఇందులో మాత్రం ఫ్రిజ్‌లో ఉన్నట్టే కంప్రెసర్ ఉంటుంది. తడిగాలి చల్లని కాయిల్‌కు తగిలితే తేమ నీరై కిందికి జారుతుంది. అదే గాలి వేడి కాయిల్ మీదుగా మళ్లీ డ్రమ్ములోకి వెళ్తుంది. కరెంటు ఖర్చు సుమారు సగం. ధర, పట్టే సమయం మాత్రం ఎక్కువే.

హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండ, మొగల్‌పురా గల్లీల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లకు గొట్టం అక్కర్లేకపోవడమే పెద్ద సౌలభ్యం. మిద్దె మీద దండెం ఉండగా యంత్రమెందుకనేదీ న్యాయమైన ప్రశ్నే. ముసురు పట్టిన జులైలో జీన్సు ప్యాంటు నడుంపట్టీ మూడో రోజుకీ చెమ్మగా తగిలితే జవాబు మారొచ్చు.

ఇక్కడో తిరకాసు. సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో రెండో టబ్బును మనం 'డ్రయర్' అనే పిలుస్తాం. అది గిర్రున తిప్పి నీళ్లు పిండుతుందంతే. ఉతకడం, ఆరబెట్టడం ఒకే డ్రమ్ములో చేసే యంత్రాల్లో అన్నిటికీ హీట్ పంప్ ఉండదు. పైగా ఉతికే కిలోలు వేరు, ఆరబెట్టే కిలోలు వేరు. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో ముందు చూడాల్సింది ఆ రెండో అంకె.