కెన్యాకి నా బ్యాగులో ఏముంది? కొండకల్‌లో రెండు రోజుల రిహార్సల్

మామూలుగా ఇక్కడ నేను రాసేది ఫోన్ల రివ్యూలు. డిస్‌ప్లే ఎండలో కనిపిస్తుందా, ఛార్జింగ్ ఎన్ని నిమిషాలు, గేమ్ ఆడితే ఎంత వేడెక్కుతుంది... ఇవే. ఈసారి అదే పని వేరే కారణంతో చేయాల్సి వచ్చింది. వచ్చే నెల మా చర్చి యూత్, కొందరు కంటి డాక్టర్లు కలిసి కెన్యా పశ్చిమాన కిటాలే పక్క పల్లెల్లో కంటి పరీక్షల క్యాంపుకి వెళ్తున్నాం. నాకు డాక్టరు పని రాదు. "నీకు ఫోన్లు తెలుసు కదా, టెక్ అంతా నువ్వే చూస్కో" అన్నారు. సరే అనేశాను. సరే అన్నంత ఈజీ కాదని తర్వాత తెలిసింది.

నా మొదటి లిస్టు చూస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. డ్రోన్, శాటిలైట్ కమ్యూనికేటర్, పెద్ద కెమెరా, రెండు ఫ్లాగ్‌షిప్ ఫోన్లు. డ్రోన్ ముందే ఎగిరిపోయింది: ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే కెన్యా ఎయిర్‌పోర్టులోనే కస్టమ్స్ వాళ్లు ఆపేస్తారు. శాటిలైట్ పరికరం సంగతి ఇంకా సీరియస్. అనుమతి లేకుండా అలాంటిది బ్యాగులో పెట్టుకుంటే మన దేశంలోనే కేసు. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి ట్రెక్కింగ్ పరికరాలతో మన ఎయిర్‌పోర్టుల్లో దొరికిపోయిన టూరిస్టుల వార్తలు మీరూ చదివే ఉంటారు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ముందు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

అసలు పని చేసేది మాత్రం చాలా చిన్న యాప్. పేరు పీక్ అక్యుటీ. స్క్రీన్ మీద ఇంగ్లిష్ ఈ అక్షరం నాలుగు దిక్కుల్లో ఏదో ఒక వైపు తిరిగి కనిపిస్తుంది. ఎదురుగా కొన్ని మీటర్ల దూరంలో కూర్చున్న మనిషి అది ఎటు తిరిగిందో చేత్తో చూపిస్తే, పరీక్ష చేసేవాళ్లు ఆ వైపుకి స్వైప్ చేస్తారు. చదువు రాకపోయినా పరీక్ష చేయించుకోవచ్చు. దీన్ని మొదట కెన్యాలోనే, నకురు ప్రాంతంలో, గోడకి తగిలించే చార్టుతో పోల్చి చూశారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. సాధారణ ఆండ్రాయిడ్ ఫోన్ చాలు, యాప్ ఉచితం.

కానీ నన్ను ఆపేసింది దాని తర్వాతి స్టడీ. కిటాలే ఉన్న ట్రాన్స్ న్‌జోయా కౌంటీ స్కూళ్లలో టీచర్లే ఫోన్‌తో పిల్లల చూపు పరీక్షించారు. 2018లో వచ్చిన ఆ రిపోర్టు ప్రకారం, పాత పద్ధతిలో ఆసుపత్రికి పంపిన పిల్లల్లో నిజంగా వెళ్లింది 22 శాతం. కొత్త పద్ధతిలో 54 శాతం. తేడా తెచ్చింది కెమెరా కాదు, ప్రాసెసర్ కాదు. చూపు తగ్గితే ఎలా కనిపిస్తుందో తల్లిదండ్రులకి బొమ్మలో చూపించడం, ఆ తర్వాత వాళ్ల ఫోన్లకి గుర్తు చేస్తూ ఎస్సెమ్మెస్‌లు పంపడం. ఎస్సెమ్మెస్! మనం ఓటీపీ కోసం తప్ప తెరవని ఇన్‌బాక్స్.

ఇది చదివాక ఫ్లాగ్‌షిప్‌లు పక్కన పెట్టి నాలుగు బడ్జెట్ ఫోన్లు తీసుకున్నాను. మూడే చూశాను: 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, ఆటో బ్రైట్‌నెస్‌ని పూర్తిగా ఆపే ఆప్షన్, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా కొన్నేళ్లు వస్తాయన్న హామీ. చూపు పరీక్షలో బ్రైట్‌నెస్ దానంతటదే మారిపోతే ఆ రిజల్ట్‌ని నమ్మలేం. నైట్ మోడ్ కూడా ఆఫ్ చేసి పెట్టుకోవాలి.

తర్వాత కరెంటు లెక్క. ఫ్లైట్‌లో పవర్ బ్యాంక్‌కి లిమిట్ 100 వాట్ అవర్, అదీ క్యాబిన్ బ్యాగులోనే, చెక్-ఇన్‌లో పెట్టకూడదు. డబ్బా మీద ఎంఏహెచ్ మాత్రమే చూసి కంగారు పడొద్దు. 20,000 ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్. ఓకే. మేం దుబాయ్ మీదుగా వెళ్తున్నాం. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి ఒక్క పవర్ బ్యాంకే తీసుకెళ్లనిస్తోంది, అదీ ఫ్లైట్‌లో వాడకూడదు. అందుకే టీమ్‌లో తలా ఒకటి పంచాను. కెన్యాలో సాకెట్లు మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ టైపు, వోల్టేజ్ మనలాగే 240కి దగ్గర. అడాప్టర్ చాలు, కన్వర్టర్ అక్కర్లేదు. షాపువాడు అంటగట్టబోయాడు, వద్దన్నాను.

ఇక రిహార్సల్. మాది శంకర్‌పల్లి మండలం కొండకల్. మేధా రైలు కోచ్ ఫ్యాక్టరీ వచ్చాక పేరు బయటివాళ్లకి తెలిసింది గానీ, లోపలికి వస్తే ఇంకా పొలాలు, పశువులే. రెండు రోజులు అన్ని ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మా వీధివాళ్ల మీద క్యాంపు నడిపాను. పేర్లు, వయసు, చూపు రాసుకోవడానికి కోబో కలెక్ట్ వాడాను. నెట్ లేకపోయినా ఫారాలు ఫోన్‌లో దాచుకుని, సిగ్నల్ దొరికాక పంపుతుంది. మ్యాపులకి ఆర్గానిక్ మ్యాప్స్. కిటాలే ఏరియా ముందే డౌన్‌లోడ్ చేశాను. లొకేషన్ ఎంత కరెక్టుగా పడుతుందో చూడ్డానికి బండి మీద చేవెళ్ల రోడ్డుకి పోయి మర్రిచెట్ల కింద నిలబడ్డాను. బయట 4 మీటర్లు చూపించిన ఫోనే ఆ కొమ్మల కింద 18 మీటర్లకి పోయింది. డ్యూయల్ బ్యాండ్ జీపీఎస్ ఉన్న ఇంకో ఫోన్ 7 దగ్గర నిలబడింది. స్పెక్ షీట్‌లో మనం స్క్రోల్ చేసి దాటేసే లైను అది.

పవర్ బ్యాంక్ ఒక్కో ఫోన్‌ని మూడుసార్లు నింపింది. డాబా మీద పెట్టిన సోలార్ ప్యానెల్ మాత్రం డబ్బా మీద రాసిన దాంట్లో సగం కూడా ఇవ్వలేదు. దాన్ని వదిలేశాను.

రెండో రోజు సాయంత్రం ఘనకార్యం చేశాను. 31 మందివి రాసుకున్నాను కదా, నెట్ ఆన్ చేసి పంపించి, ఫోన్ మళ్లీ ఫ్రెష్‌గా సెట్ చేద్దామని యాప్ తీసేశాను. ల్యాప్‌టాప్‌లో చూస్తే 22 ఉన్నాయి. మిగతా 9 డ్రాఫ్టులుగానే ఉండిపోయాయి. ఫైనల్ చేయని ఫారం సర్వర్‌కి పోదు. యాప్‌తో పాటు అవీ పోయాయి. తప్పు యాప్‌ది కాదు, నాదే. కొండకల్‌లో అయితే మళ్లీ తొమ్మిది గుమ్మాలు తిరిగి, తిట్లు తిని, రాసుకుని వచ్చాను. అక్కడ ఆరేడు మైళ్లు నడిచి వచ్చిన ముసలాయనని మళ్లీ ఎక్కడ వెతకను? అప్పటి నుంచి రూల్ పెట్టుకున్నాం: రాత్రి పేపర్ మీద లెక్క, సర్వర్‌లో లెక్క సరిపోయాకే నిద్ర.

ఆ తొమ్మిదిలో ఒకటి మా నాయనమ్మది. రెండోసారి ఫోన్ పట్టుకుని పోతే అడిగింది.

"నా ఫొటో ఎందుకు తీస్తున్నవ్ బిడ్డా?"

"రికార్డుకి, నాయనమ్మా."

"ఆ రికార్డు ఎవలు చూస్తరు?"

జవాబు లేదు నా దగ్గర. ఫారంలో ఫొటో కాలమ్ పెట్టింది నేనే, ఉండాలి కదా అని. క్యాంపు అయ్యాక ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి తప్ప దానితో డాక్టర్లకి పని లేదు. కెన్యాలో 2019 నుంచి డేటా ప్రొటెక్షన్ చట్టం ఉంది, మనకి 2023లో వచ్చింది. చట్టం సంగతి సరే, ముందు నాయనమ్మకే సమాధానం చెప్పలేకపోయాను. కాలమ్ తీసేశాను. ఫోన్లన్నిటికీ పిన్ పెట్టాను, గ్యాలరీ బ్యాకప్ ఆపేశాను.

తర్వాత ఆవిడ ట్రంకు పెట్టెలోంచి కళ్లద్దాలు తీసింది. ఎప్పుడో ఏదో క్యాంపులో ఇచ్చారట. ఒక కాడ ఊడిపోయి ఉంది. "ఇచ్చిన్రు, పోయిన్రు. ఇరిగినంక ఎవలకు చూపియ్యాలె?" అంది. చూస్తే విరగలేదు, స్క్రూ ఊడిందంతే. రెండు నిమిషాల పని.

ఈ మాట నేను సేకరించిన పాత ఫోన్ల మీద పడింది. ఫ్రెండ్స్ దగ్గర 11 పోగు చేశాను, అక్కడి హెల్త్ వర్కర్లకి ఇద్దామని. కిటాలేలో మాతో పనిచేసే కోఆర్డినేటర్ వాట్సాప్‌లో రెండే అడిగారు: వీటికి అప్‌డేట్లు ఎప్పటి వరకు? బ్యాటరీ పోతే ఇక్కడ దొరుకుతుందా? 11లో మూడింటికి బ్యాటరీ ఉబ్బి ఉంది, ఆరింటికి అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. మనం పారేయలేక ఇచ్చేవి వాళ్ల నెత్తిన చెత్తగా మిగులుతాయి. తొమ్మిదీ ఇక్కడే ఈ-వేస్ట్‌కి ఇచ్చేశాను. మా నాలుగు బడ్జెట్ ఫోన్లు క్యాంపు అయ్యాక అక్కడే వదిలి వస్తాం, వాళ్లకి అవే కావాలట.

ఇలాంటి ప్రయాణం మనవాళ్లకి కొత్తేం కాదు. 1903లోనే నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే తెలుగు బాప్టిస్టు మిషనరీ దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి వెళ్లారు, అక్కడి చెరకు తోటల్లో పనికి పోయిన తెలుగువాళ్ల కోసం. ఆయన వారం రోజులకి రిటర్న్ టికెట్ తీసుకోలేదు. 1915లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. మాది పది రోజుల క్యాంపు, ఆ తేడా నాకు తెలుసు.

కాగితాలు త్వరగా చెప్పేస్తా. వీసా బదులు 2024 జనవరి నుంచి ఆన్‌లైన్ ఈటీఏ. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్. గ్యాడ్జెట్లు ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్లో చుట్టకండి, కెన్యాలో 2017 ఆగస్టు నుంచి అవి నిషేధం. యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు, అక్కడ ఎం-పెసా రాజ్యం. 2007లో మొదలైంది, కీప్యాడ్ ఫోన్‌లో కూడా నడుస్తుంది. మన యూపీఐ వచ్చింది 2016లో.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో స్వాహిలి ఆఫ్‌లైన్ ప్యాక్ దించుకున్నాను. నిన్న రాత్రి నాయనమ్మకి వినిపించాను: "పోలె పోలె" అంటే మెల్లగా మెల్లగా అని.

"ఎవలు పోలే?" అంది.

కళ్లద్దాల స్క్రూల కోసం చిన్న స్క్రూడ్రైవర్ సెట్టు, రెండు డజన్ల స్పేర్ స్క్రూలు కొన్నాను. చెక్-ఇన్ బ్యాగులో, డ్రోన్ కోసం ఉంచిన చోట సరిగ్గా పట్టాయి.