సంఘ కార్యాలయమున వైఫై

2022లో కేంద్రప్రభుత్వ మంగీకరించిన పథకముచే ప్రాథమిక సహకార సంఘముల లెక్కలు కంప్యూటర్ల కెక్కుచున్నవి. కార్యాలయమున తీగ లుండగా గోదాము గుమాస్తాకు వైఫై కావలెనన్న, ఉన్నదానిని మార్చ నక్కరలేదు. స్విచ్చినుండి 100 మీటర్లు మించని తీగను లాగి, కొనకు యాక్సెస్ పాయింటు తగిలించిన చాలును. పాత రౌటరునే వాడుదురేని, అందు యంత్రములకు చిరునామాలు పంచు డి.హెచ్.సి.పి.ని తప్పక ఆపవలెను. లేనిచో ఒక గ్రామమున నిద్దరు కరణములు సర్వే నెంబర్లు వ్రాసినట్లు చిరునామాలు తారుమారగును. గోడలను దాటుటకు 5 కంటె 2.4 గిగాహెర్ట్జుల తరంగములే మేలు, వేగము కొంత తగ్గినను. సభ్యుల ఫోన్లకు వేరు వైఫై ఈయవచ్చును గాని ఉత్త పేరు మార్చిన చాలదు. రైతుల అప్పుపద్దులున్న యంత్రములు వానికి అందకుండ వేరుచేయించవలెను. సంకేతపదమును గోడపై వ్రాయరాదు. గుమాస్తా మారినప్పుడెల్ల దానిని మార్చవలెను.