భద్రాచలం మరిచిపోయిన కలివికోడి

పక్షిప్రేమికుల సంఘాలు నెలనెలా అడవికి వెళ్లి రాసుకునే జాబితాలు సెలవురోజు సరదా మాత్రమేనని చాలామంది అనుకుంటారు. ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దుకు సంబంధించిన ఒక పాత నమోదు ఆ మాట తప్పని చెబుతుంది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన కలివికోడి అనే పక్షిని ఆ శతాబ్దంలోనే భద్రాచలం, సిరొంచ ప్రాంతాల్లో ప్రకృతి శాస్త్రవేత్త బ్లాన్‌ఫోర్డ్ నమోదు చేశాడు. 1900 తర్వాత జాడ లేకపోవడంతో అది అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. ఆ చోటు చూపింది స్థానిక వేటగాడి అనుభవమే. భద్రాచలం వైపు మాత్రం మిగిలింది ఆ పాత నమోదే.

నిపుణులు కానివాళ్ల లెక్కలకు విలువేమిటని అడగొచ్చు. ఒక్కరోజు జాబితాకు నిజంగానే పెద్ద విలువ లేదు. కానీ అదే దారిలో, అదే రుతువులో, ఏటా నడిచి, కనబడనివి కూడా రాసుకుంటే పోలికకు ఆధారం దొరుకుతుంది. 1980లో హైదరాబాద్‌లో మొదలై ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా సాగుతున్న సంఘం వంటివాటి అసలు బలం ఈ కొనసాగింపే. కనబడలేదంటే లేనట్టే కదా అనడమూ తొందరపాటే. కలివికోడి రాత్రిపూట, ముళ్లపొదల మధ్య తిరిగే పక్షి. పగలు కిన్నెరసాని జలాశయం ఒడ్డున బాతులను లెక్కపెట్టేవారికి అది ఎదురుపడదు. బీడని మనం కొట్టిపారేసే పొదల నేలల్లో, రాత్రివేళ, ఆ నేల తెలిసిన కోయ పెద్దలను వెంటబెట్టుకుని వెతకాలి.