శుక్రవారం సంతలో మూడు లెక్కలు

2016 నవంబరు 11, శుక్రవారం, అరకు సంత. మంగళవారం రాత్రే 500, 1000 నోట్లు చెల్లవన్నారు. మా పెద్దమ్మ రాజ్మా బస్తా దించి కూకుంది. షావుకారు ఒకటే మాట: "పాత నోట్లయితే ఇయ్యాలే ఇచ్చీస్తాను. వంద నోట్లు కావాలంటే సగం ధరే." బస్తా మళ్లీ ఇంటికొచ్చీసింది.

తర్వాత డిగ్రీలో ఎకనామిక్స్ చదివినప్పుడు ఆ బస్తా ఏ పుస్తకంలో ఉందోనని ఎతికాను.

కిడ్లాండ్, ప్రెస్కాట్ అని ఇద్దరు 1982లో ఒక మోడల్ కట్టారు. వర్షం, యంత్రం, కూలీ చెయ్యి, వీటిలో మార్పొస్తేనే ఆర్థికం లేస్తాది, పడతాది. నోట్లకి అందులో చోటే లేదు. ఆ లెక్కన అరకులో ఆ వారం ఏటీ జరగలేదు! చెట్టు అదే, పంట అదే, మనుషులూ వాళ్లే. ఈ దారిలో రాసినోళ్లకే 2004లో నోబెల్ కూడా ఇచ్చారు.

ఫ్రీడ్‌మన్ లెక్క కొంత దగ్గరకొస్తాది. ఉన్న డబ్బు, అది ఎన్ని చేతులు మారిందో గుణిస్తే, అమ్ముడైన సరుకు విలువ వస్తాది. విలువలో 86 శాతం నోట్లు ఒక్క రాత్రిలో చెల్లకుండా పోతే మిగిలిన నోట్లు జోరుగా తిరగాలి. తిరిగాయా? వంద నోటు దొరికినోడు చీర మడతలో దాచీసాడు. ఇంక ధరన్నా పడాలి, సరుకన్నా మిగలాలి. రెండూ అయ్యాయి.

కీన్స్ 1936లో చెప్పింది ఇంకో సంగతి. నా ఖర్చే నీ ఆదాయం. పెద్దమ్మ అమ్మలేదు గనక ఎండుచేపలు కొనలేదు. చేపల గంప అలాగే దిగువకి వెళ్లిపోయింది. అప్పుడే కాఫీ పళ్లు కోసే రోజులు, కూలి డబ్బులు వాయిదా. జనవరిలో నోట్లొచ్చాయి సరే, నవంబరులో తినని చేప జనవరిలో రెండింతలు తింటామా? నాకైతే ఇదే ఎక్కువ నిజమనిపించింది.

అయినా ఒకటి వీళ్లెవరి దగ్గరా దొరకలేదు. వంద నోట్లు షావుకారు దగ్గరే ఎందుకున్నాయి? ఉప్పు, నూనె అరువిచ్చి పంట ముందే కట్టేసుకునే ఆ పట్టు సడలాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. మిన్‌స్కీ అప్పుని నడిమధ్యన పెట్టి రాసాడు గానీ, ఆయన చూసింది బ్యాంకుల్ని, సంతని కాదు.

ఆ బస్తా డిసెంబరులో అదే షావుకారుకి అమ్మింది పెద్దమ్మ. చేతికి నోటు రాలేదు, పాత బాకీలో జమ రాసుకున్నాడు.