మాల్దీవులకు మునక ఒక్కటేనా గండం?

2009 అక్టోబరులో మాల్దీవుల అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ మంత్రులతో కలిసి సముద్రం అడుగున సమావేశం పెట్టారు. ఆ సమావేశం ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ దేశం గురించి మనకున్న ఊహ కూడా ఆ ఫొటో చూపిన మునక దగ్గరే ఆగిపోయింది.

అపోహ: దీవులు మునిగే రోజే అసలు ప్రమాదం.
అక్కడి నేలలో 80 శాతానికి పైగా సముద్రమట్టానికి మీటరు లోపు ఎత్తులోనే ఉంది, నిజమే. కానీ మునకకన్నా ముందొచ్చేది మంచినీటి కటకట. పగడపు దీవుల్లో నదులుండవు. వాననీరు ఇసుకలో ఇంకి, కింది ఉప్పునీటి మీద పలచని పొరగా నిలుస్తుంది. అలలు ఊళ్లోకి పొంగినా, జనం మితిమీరి తోడినా అది చెడిపోతుంది. రాజధాని మాలేలో ఎప్పుడో చెడిపోయింది. అందుకే సముద్రపు నీటిలో ఉప్పు తీసి వాడుకుంటున్నారు. 2014 డిసెంబరులో అలా ఉప్పు తీసే ప్లాంటు అగ్నిప్రమాదంతో ఆగిపోతే లక్షమందికి కుళాయిలు బంద్. మన వైమానిక దళం విమానాల్లో నీళ్ల బాటిళ్లు మోయాల్సి వచ్చింది!

అపోహ: అన్ని రిసార్టులున్న దేశానికి డబ్బుకేం లోటు?
2004 సునామీ ఒక్క పూటలో చేసిన నష్టం ఆ దేశ వార్షికోత్పత్తిలో 60 శాతం పైమాటే. అయినా ఆదాయం పెరిగిందంటూ 2011లో అత్యల్పాభివృద్ధి దేశాల జాబితా నుంచి తప్పించారు. పేద దేశాలకిచ్చే వెసులుబాట్లు అలా ఒక్కొక్కటీ దూరమవుతాయి. పైగా బియ్యం, డీజిల్ దిగుమతే. ఆ డీజిల్‌తోనే కరెంటు, ఆ కరెంటుతోనే మంచినీళ్లు.

అపోహ: ఇసుక పోసి ఎత్తు పెంచుకుంటే సరి.
మాలే పక్కనున్న హుల్హుమాలేను అలాగే కట్టారు, సముద్రమట్టానికి సుమారు 2 మీటర్ల ఎత్తున. ఇరుకు రాజధాని జనానికి ఇళ్లు దొరికాయి. దాన్ని తప్పుపట్టలేం. అయితే ఇసుక తవ్వినప్పుడు లేచే బురద పగడాలను కమ్మేస్తుంది. అలల జోరు విరిచేవీ, దీవులకు కొత్త ఇసుకనిచ్చేవీ ఆ పగడపు దిబ్బలే. పర్యాటకులొచ్చేదీ చాలావరకు వాటికోసమే. నీరు వేడెక్కి 1998లో, మళ్లీ 2016లో అవి తెల్లబారాయి. కోలుకోవాల్సిన వాటి మీదే బురద పోయడం నాకైతే ఖరీదైన బేరంగానే కనిపిస్తోంది.

అపోహ: ఎండకు కొదవా? సోలార్ చాలు.
పెడుతున్నారు. కానీ పలకలు పరచడానికి నేలేదీ? చాలావరకు పైకప్పులే దిక్కు. పైగా దీవులన్నిటినీ కలిపే కరెంటు లైన్లు లేవు, ఏ దీవి ఏర్పాటు ఆ దీవిదే. 2020 కల్లా కర్బన తటస్థత సాధిస్తామన్నారు నషీద్. ఆ గడువు దాటిపోయింది, డీజిల్ జనరేటర్లు ఇంకా తిరుగుతున్నాయి.