కల్వమే కర్మాగారము

మందుల కర్మాగారముల వ్యర్థజలములచే నక్కవాగు చెడి, పొలములు పాడైన పటాన్‌చెరువు రైతుల గోడు 1990లోనే సుప్రీముకోర్టు కెక్కినది. మందుల తయారీలో వినియోగమగు సరకులలో సింహభాగము మందు గాదు, ద్రావకములు. పని తీఱినపిదప వానిని శుద్ధిచేసి మరల వాడవలెను, లేదా కాల్చవలెను, లేనిచో నవి వాగు పాలగును. అసలు ద్రావకమే లేకున్న నేమి?

ఈ యూహ మనకుఁ గ్రొత్త గాదు. పాదరసమును గంధకమును పొడిగానే కల్వమున నూఱి మన వైద్యులు నల్లని కజ్జలిని జేయుచుండిరి. రాపిడియు నొత్తిడియు పదార్థములను గలిపి వేఱొక పదార్థము నొనర్చును. నేఁటి కల్వము వేగముగా నూఁగు ఉక్కుపాత్ర. అందలి గుండ్లే పొత్రము. 2014లో కెనడాయందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మధుమేహపు మందులగు టోల్బుటమైడును, గ్లిబెన్‌క్లమైడును ఇట్లు నూఱియే చేసి చూపిరి. మరల నడుమ పదార్థమును నిరంతరముగా నలిపి చర్య జరిపించు పద్ధతిని, 2019లో అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య పది వర్ధమాన విధానములలో నొకటిగా నెంచినది.

చిక్కులు లేకపోలేదు. కొన్నిచోట్ల చుక్కలకొలఁది ద్రావకము తప్పదు. తుదిశుద్ధికి నింకను గావలెను. పెద్దయెత్తున నూఱునపుడు వేఁడిమి నదుపుచేయుట కష్టము. అయినను దేశదేశములకు మందులు పంపు హైదరాబాదు ఈ విద్య నుపేక్షింపరాదు. లాభము పట్టణమునకు, మురుగు పల్లెకు అను పంపకము న్యాయము గాదని మా నిశ్చితాభిప్రాయము.